నెత్తురు బాగుండాదా

సంఘం పుట్టి పాతికేళ్లయింది.
నియమావళి తిరగరాయాలట.
"ఉద్దేశాలు" అన్న మాట కింద
నాలుగు గీతలు ఖాళీగా వదిలి
కాగితం నా ముందుకు తోశారు.
కార్యదర్శిని కదా, మాటలు నావి.

చెన్నైలో చిత్తిరై ఎండ.
పెరంబూరు బ్యారక్స్ రోడ్డులో మేడమీద గది,
కింద జిరాక్సు కొట్టు, పక్కన పరోటా పెనం చప్పుడు.
ఏడుగురు సభ్యులం, తొమ్మిది కుర్చీలు,
అందులో ఒకదానికి కాలు లేదు.
మూలన గొణుగుతూ ఫ్రీజర్.
మైనస్ ఎనభైలో
మూడువందల పన్నెండు మంది పులియంతోపు మనుషులు,
చిటికెన వేలంత సీసాల్లో.

కాలవల్లో దిగి బురద ఎత్తేవాళ్ల ఊపిరితిత్తులు
నలభైకే ఎందుకు అలిసిపోతాయో
తెలుసుకుందామనుకున్నాం మొదట్లో.
అంతకన్నా పెద్ద ఆశయం మాకెవరికీ లేదు.
తర్వాత పేపర్లొచ్చాయి, సభలొచ్చాయి,
శాలువాలొచ్చాయి.
మా ముద్రలో పాము ఎటు తిరిగుండాలన్న దానిమీద
రెండు సమావేశాలు పోయాయి.

"విజ్ఞాన వ్యాప్తికి" అని రాశాను.
కొట్టేశాను.
"మానవాళి శ్రేయస్సుకై" అని రాశాను.
డాక్టర్ ఇర్ఫాన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
ఆయనకు నచ్చలేదని అర్థం.

అప్పుడొచ్చింది అంకమ్మ.
పరీక్షకు ఒప్పుకున్నవాళ్లందరికీ
ఏటా సమావేశానికి ఉత్తరం పంపుతాం, నియమం కనక.
ఎవరూ రారు, ఉత్తరం ఇంగ్లీషులో ఉంటుంది కనక.
ఈసారి మనవడు కూడబలుక్కుని చదివాడట.

చెప్పులు మెట్ల దగ్గరే వదిలి
కాలు లేని కుర్చీవైపు వెళ్తుంటే
మణిమేగలై లేచి తన కుర్చీ ఇచ్చింది.
నా పలుకు గుర్తుపట్టి, తెలుగులోనే,
నాలుగు తరాల కిందట నెల్లూరు దాటొచ్చి
అరవంలో నానిన తెలుగులో అడిగింది:
"పద్నాలుగేండ్ల కింద నా నెత్తురు తీసకపోతిరే సామీ,
బాగుండాదా అది?"

పొరుగూరికి కూలికెళ్లిన మనిషి
క్షేమం అడిగినట్టే అడిగింది.

రిజిస్టరు తీశాను. రెండువందల ఏడో నంబరు.
వేలిముద్ర, ఊదారంగు, కొంచెం చెదిరింది.
ఎదురుగా ఎర్రసిరాలో నా చేతిరాతే:
"నమూనా నష్టం."

ఆ డిసెంబరు వానలకి
మూడు రోజులు కరెంటు లేదు.
నడుంలోతు నీళ్లలో నేనూ, అటెండరు దేశింగూ
కాశిమేడు నుంచి చేపల ఐసు మోసుకొచ్చాం.
ఫ్రీజర్ మీద తడిగోనెలు కప్పి
రాత్రంతా పక్కనే కూచున్నాం, జబ్బుమనిషి పక్కన కూచున్నట్టు.
అయినా మూడోవంతు కరిగిపోయింది.
వ్యాసంలో అది ఒక్క వాక్యం,
అదీ చివర్న, చిన్నక్షరాల్లో.

కరిగిపోయిందమ్మా అని చెప్పాను.
మిగతావాటిలో తేలిందీ చెప్పాను:
గాలిగొట్టాలు సన్నబడుతున్నాయని,
ముందే పట్టుకుంటే మందుందని,
తేలి తొమ్మిదేళ్లయిందని,
లండన్ పత్రికలో వేశారని.

ఆమె వేళ్లు మడవసాగింది. ఏళ్లనుకున్నాను.
"మాయన. మరిది సుందరం. ఎదురింటి కోటయ్య.
కోటయ్య కొడుకు."
ఐదో వేలు మడవబోయి ఆగి
దగ్గింది.

పెనం మీద పరోటా తరుగుతున్న చప్పుడు
మా గదిలోకే వచ్చినట్టుంది.

తీర్మానమేదీ కాలేదు ఇవాళ.
దేశింగు టీ తెచ్చాడు.
ఇర్ఫాన్ స్టెతస్కోపు వెతుక్కున్నాడు,
ఎన్నేళ్లయిందో వాడి, సొరుగులో
రబ్బరు కాగితాలకి అంటుకుపోయింది.
ఆమె వీపుమీద పెట్టి చాలాసేపు విన్నాడు.
మాకేమీ చెప్పలేదు. ఆమెకే చెప్పాడు, వంగి, మెల్లగా.

రాత్రి, ఇంట్లో, ఆ కాగితం మీద రాశాను.
వచ్చే నెల ఒప్పుకుంటారో లేదో.

ఎవరి నెత్తురో వాళ్లకి, వాళ్ల మాటలో, పత్రికకంటే ముందు చెప్పాలి.
పోగొట్టుకున్నది కూడా చెప్పాలి, పెద్దక్షరాల్లో.
మందు తేలిన రోజునే మన పని మొదలైనట్టు లెక్క.

నాలుగో గీత రాయలేదు.
మెట్లు దిగుతూ అంకమ్మ చెప్పిన మాటొకటుంది:
ఉత్తరం చదివిన మనవడికి పని దొరికిందట,
సోమవారం నుంచి, అదే కాలవల్లో.
ఇవాళ శుక్రవారం.